రెండు గుప్పెళ్ల ఆకు, నాలుగు నిమిషాల మంట



పగలంతా పనిచేసి ఇంటికొచ్చాక రాత్రికి ఏం వండాలన్న ప్రశ్న ఏ ఇంటినీ వదలదు. ఏడింటికి గుమ్మంలో అడుగుపెడతాం. ఎనిమిదిన్నర లోపు పిల్లలు తినేసి పుస్తకాలు సర్దుకోవాలి. పొద్దుటి పప్పు మిగిలిందా, గుడ్డు పొరటు చేసేద్దామా, పచ్చడి మెతుకులతో ఈ పూట కానిచ్చేద్దామా అనుకుంటూ ఫ్రిజ్ తలుపు తీసి నిలబడతామే, సరిగ్గా ఆ సమయానికి అక్కరకొచ్చే వంట ఒకటి ఇవాళ చెబుతాను. ఇది థాయ్‌లాండ్ వాళ్ల వంట. పేరు పాడ్ క్రపావ్.

పేరు కొత్తగా ఉందని వెనకాడకండి. అక్కడ ఇది పండగ వంట కాదు, రాజుగారి విందూ కాదు. బాంకాక్ సందుల్లో ఒక బర్నర్, ఒక మూకుడు, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు పెట్టుకుని, అడిగినవాళ్లకు అడిగినట్టు అప్పటికప్పుడు వండిపెట్టే చిన్న చిన్న అంగళ్లు లెక్కలేనన్ని ఉంటాయి. మధ్యాహ్నం ఆఫీసు వాళ్లు, టాక్సీ నడిపేవాళ్లు, కాలేజీ పిల్లలు అక్కడే తింటారు. ఏం తినాలో తోచనప్పుడు థాయ్ మనిషి నోట మొదట వచ్చే పేరు ఇదే. ఆలోచించే ఓపిక లేని రోజు తిండి అని వాళ్లే అంటారు. మన వారం మధ్య రాత్రులకు ఇంతకన్నా తగిన వంట నాకు కనిపించలేదు.

ఇందులో ఏముంటాయంటే, ఖీమాలా కొట్టిన మాంసం, వెల్లుల్లి, సన్నటి ఘాటు మిరపకాయలు, రెండు మూడు రకాల సాసులు, చివర్లో గుప్పెళ్లతో వేసే ఆకు. ఆ ఆకు మరేదో కాదు, తులసి. అవును, మన పెరట్లో కోటలో ఉండే తులసే. శాస్త్రజ్ఞులు రెండింటినీ ఒకే జాతిగా లెక్కిస్తారు. మనకు కృష్ణ తులసి, లక్ష్మీ తులసి ఉన్నట్టే వాళ్లకూ ఎర్ర కాడదీ, తెల్ల కాడదీ ఉన్నాయి. ఎర్ర కాడది ఎక్కువ ఘాటు. గుళ్లో తీర్థంతో పాటు నోట్లోకి వచ్చిన తులసి దళాన్ని నమిలినప్పుడు ముందు కాస్త కారంగా, ఆ వెనక లవంగం కొరికినట్టుగా ఒక వాసన ముక్కుదాకా వస్తుంది కదా, ఆ వాసనే ఈ కూరకు ప్రాణం. లవంగానికి ఆ గుణమిచ్చే యూజినాల్ అనే నూనె తులసిలోనూ ఉంది. అందుకే రెండూ నాలుక మీద చుట్టాల్లా తోస్తాయి.

ఇక్కడ కొందరు శ్రోతలు, ముఖ్యంగా పెద్దవాళ్లు, ఇబ్బంది పడతారని నాకు తెలుసు. తులసిని మాంసంలో వేయడమేమిటని అడుగుతారు. ఆ మాటను తేలిగ్గా తీసేయను. కోటలో పెట్టి, దీపం వెలిగించి, ప్రదక్షిణం చేసే మొక్క నుంచి ఒక్క ఆకు కూడా ఈ వంటకు తుంచవద్దు. థాయ్‌లాండ్‌లో అది వంటింటి ఆకు. మన ఇళ్లలో అది అమ్మవారు. రెండూ నిజమే. వంట కోసమని వేరే కుండీలో, వంటింటి కిటికీ దగ్గర, వేరే మొక్క పెంచుకునేవాళ్లు పెంచుకోవచ్చు. అదీ మనసొప్పని ఇల్లయితే సబ్జా మొక్క ఆకు వాడండి. ఎండాకాలం షర్బత్‌లో వేసుకునే సబ్జా గింజలు వచ్చే మొక్కే అది. ఆకు కొంచెం పెద్దది, వాసన తీపివైపు మొగ్గుతుంది. అందులోనే సోంపు వాసన కొట్టే రకాన్ని థాయ్ బేసిల్ అని పెద్ద సూపర్‌మార్కెట్లలో అమ్ముతారు. దానితో చేసే వేపుడూ థాయ్‌లాండ్‌లో ఉన్నదే. రుచి మారుతుంది, అంతే. ఇంట్లో అత్తగారి మనసు కష్టపెట్టి వండిన కూర ఎంత బాగా కుదిరినా ఆ పూట భోజనం ఎవరికీ సహించదు.

ఇప్పుడు మూకుడు సంగతి. పెద్ద మంట మీద మూకుడులో చకచకా వేయించే పద్ధతిని థాయ్‌లాండ్‌కు తెచ్చింది చైనా నుంచి వలస వచ్చినవాళ్లు. వాళ్లలో దక్షిణ చైనా తీరంలోని తియోచ్యూ ప్రాంతం వాళ్లే ఎక్కువ. 1767 నుంచి 1782 దాకా సయామును, అంటే అప్పటి థాయ్‌లాండ్‌ను, ఏలిన తాక్సిన్ మహారాజు తండ్రి కూడా అలా వలస వచ్చిన మనిషే. బాంకాక్‌లో యావరాత్ రోడ్డు ఈనాటికీ వాళ్ల పేట. సోయాసాసు, ఆయిస్టర్ సాసు వాళ్ల వంటింటివి. మిరపకాయ మటుకు అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు ఓడలు ఆసియాకు చేర్చిన సరుకు. ఆ పోర్చుగీసులు అప్పటి సయాము రాజధాని అయుత్తయలో అడుగుపెట్టింది 1511లో. మన గుంటూరు మిరపకు తాతముత్తాతలూ సముద్రం దాటి వచ్చినవే. చేపల సాసు, తులసి ఆకు మాత్రం ఆ నేల సొంతం. చైనా మూకుడు, అమెరికా మిరప, అక్కడి ఆకు, ఇన్నీ కలిసి ఇవాళ ఇది అచ్చంగా థాయ్ వంట అయింది.

ఈ వంటలో అసలు కిటుకు సాసుల్లో లేదు. చాలామంది వీడియో చూసి, ఊరంతా తిరిగి సీసాలు కొనుక్కొచ్చి, పొయ్యి వెలిగించాక వెల్లుల్లి వలవడం మొదలుపెడతారు. అక్కడే చెడుతుంది. ఈ వేపుడు పొయ్యి మీద ఉండేది నాలుగైదు నిమిషాలు. ఆ నాలుగైదు నిమిషాల్లో మీ చేతికి వేరే పని ఉండకూడదు. పొయ్యి వెలిగించే ముందే వంట పని పూర్తవ్వాలి. మన వేపుళ్లు అలా కావు. బెండకాయలో బంగాళాదుంపలో మూకుట్లో వేసి, సన్నటి సెగ మీద వదిలేసి, ఈలోగా చారు పెట్టుకుని, మధ్యమధ్యలో వచ్చి కలిపి పోతాం. నిదానమే వాటికి రుచి. ఆ అలవాటు చేతిని ఈ ఒక్క వంటకు కాస్త మార్చుకోవాలి.

దీనివల్ల ఇంకో మేలుంది, దాని గురించి గట్టిగా చెప్పాలనిపిస్తుంది. పని పొయ్యి దగ్గర నుంచి కూరలు తరిగే బల్ల దగ్గరకు జరిగితే దాన్ని నలుగురూ పంచుకోవచ్చు. ఆకు దూయడం ఏడేళ్ల పిల్లకూ చేతనవుతుంది. వెల్లుల్లి వలవడానికి, రోట్లో దంచడానికి ఇంటి యజమాని చేతులు సరిపోతాయి. బియ్యం కడిగి కుక్కర్ పెట్టేది ఒకరు, కంచాలు పెట్టేది ఒకరు. ఆఫీసు నుంచి వచ్చిన ఇల్లాలు ఒక్కతే గంటన్నరసేపు సెగ దగ్గర నిలబడే పద్ధతికి రోజులు చెల్లాయి. వంట రుచి ఎంత ముఖ్యమో, వండిన మనిషి అందరితో పాటు కూర్చుని వేడిగా తినడమూ అంతే ముఖ్యం.

కాగితం, కలం దగ్గరుంటే తీసుకోండి. నలుగురికి కొలత చెబుతాను.

చికెన్ నాలుగు వందల గ్రాములు. ఎముకలేని తొడ మాంసం అడిగి, కొట్టులోనే ఖీమా కొట్టించండి. మరీ మెత్తగా వద్దు. ఇంట్లో కత్తితో తరిగితే ఇంకా మంచిది, పలుకు తెలుస్తుంది. వెల్లుల్లి పది రెబ్బలు. మన నాటు వెల్లుల్లి, చిన్న రెబ్బలది, దీనికి చక్కగా సరిపోతుంది. పెద్ద రెబ్బలదైతే ఆరు చాలు. సన్నటి పచ్చిమిరపకాయలు ఆరు, కారం బాగా తినేవాళ్లయితే పది. ఒకటి రెండు పండు మిరపకాయలు దొరికితే రంగు బాగుంటుంది. ఆకు రెండు పెద్ద గుప్పెళ్లు, కాడలు తీసి, కడిగి, బట్ట మీద ఆరబెట్టింది. మళ్లీ చెబుతున్నాను, రెండు గుప్పెళ్లు. కొత్తిమీరలా పైన చల్లుకునే ఆకు కాదు ఇది.

సాసులన్నీ ఒక చిన్న గిన్నెలో ముందే కలిపి పెట్టుకోవాలి. ఆయిస్టర్ సాసు ఒక పెద్ద చెంచా, సోయాసాసు ఒక పెద్ద చెంచా, చేపల సాసు రెండు చిన్న చెంచాలు, పంచదార ఒక చిన్న చెంచా, నీళ్లు రెండు పెద్ద చెంచాలు. మన కొట్లలో దొరికే సోయాసాసు చాలావరకు నల్లటిది. అదైతే సగమే వేయండి, లేకపోతే కూర మసిబొగ్గులా కనిపిస్తుంది. ఉప్పు విడిగా అక్కర్లేదు. అన్ని సీసాల్లోనూ ఉప్పే.

చేపల సాసు అనగానే ముఖం చిట్లించేవాళ్లున్నారు. చిన్న చేపలను ఉప్పులో వేసి, ఏడాదికి అటూ ఇటూగా తొట్లలో మాగబెట్టి, ఊరిన రసాన్ని వడగట్టి తీస్తారు. సీసా మూత తీసి వాసన చూస్తే ఘాటే. మంట తగిలాక ఆ ఘాటు పోయి లోతైన రుచి ఒకటి మిగులుతుంది. ఎండు రొయ్యల పొడితో అన్నం కలుపుకుని పెరిగిన కోస్తా వాళ్లకు ఈ సంగతి నేను విడమరిచి చెప్పాల్సిన పనిలేదు.

వెల్లుల్లి, మిరపకాయలు కలిపి రోట్లో దంచండి. మిక్సీ వద్దు. మిక్సీలో అది నీరుగారిన ముద్ద అవుతుంది, నూనెలో పడగానే అడుగంటుతుంది. రోట్లో నాలుగు దెబ్బలు వేస్తే కొంత చితికి, కొంత పలుకుగా మిగులుతుంది. థాయ్ ఇళ్లలోనూ బరువైన రాతి రోలుంటుంది. ఆ దంపుడు చప్పుడు మన వంటింట్లో రోటి పచ్చడి చప్పుడే.

పాత్ర విషయానికి వస్తే, గుండ్రటి అడుగున్న ఇనుప మూకుడు మన ఇళ్లలో అటక మీద ఉండే ఉంటుంది. దాన్ని దించండి. నాన్‌స్టిక్ పెనాన్ని ఖాళీగా పెద్ద మంట మీద పెట్టకూడదు. రెండు వందల అరవై డిగ్రీలు దాటితే ఆ పూత చెడి పొగలు వస్తాయి, అవి మంచివి కావు. నూనె వేరుశనగదో తవుడుదో వాడండి. పప్పు నూనె వాసన దీనికి నప్పదు.

ఇక పొయ్యి వెలిగించండి. అన్నం అప్పటికే ఉడికి, మూత కింద వేడిగా ఉండాలి. మూకుడు పెద్ద మంట మీద సన్నగా పొగ వచ్చేదాకా కాలనివ్వండి. రెండు చెంచాల నూనె పోసి, దంచిన ముద్దలో సగం వేయండి. సగమే. మాంసమూ సగమే. ఇద్దరిద్దరికి చొప్పున రెండు దఫాలుగా వండాలి, ఈ ఒక్క మాట మరచిపోవద్దు. మన ఇంటి గ్యాసు పొయ్యికి బాంకాక్ అంగడి బర్నర్‌కి ఉన్నంత సెగ లేదు. నాలుగు వందల గ్రాముల మాంసం ఒక్కసారి పడితే మూకుడు చల్లబడుతుంది, మాంసంలోంచి నీరు ఊరుతుంది. నీరు ఉన్నంతసేపూ అక్కడి వేడి వంద డిగ్రీలు దాటదు. మాంసం ఎర్రగా వేగి కమ్మటి వాసన రావాలంటే నూట నలభై పైమాట ఉండాలి. అంటే వేపుడు కావలసింది ఉడకబెట్టిన కూరగా మిగిలిపోతుంది.

ఈ తేడా కంటి కంటే ముందు చెవికి తెలుస్తుంది. సరైన వేడిలో ఉన్న మూకుడు పెళపెళలాడుతుంది. ఆ చప్పుడు మెత్తబడి, బుడబుడమని ఉడుకు చప్పుడు మొదలైందంటే నీరు ఊరిందన్న మాట. వెంటనే మాంసాన్ని మూకుడు అంచుల వైపు జరిపి, మధ్యలో నీరు ఇగిరేదాకా కదపకుండా ఉంచండి. చప్పుడు మళ్లీ పుంజుకుంటుంది.

ముద్ద నూనెలో పదిహేను ఇరవై సెకన్లు మించి ఉండకూడదు. వెల్లుల్లి అంచు రంగు తిరగబోతుండగానే మాంసం వేసి, అట్లకాడతో పలచగా పరిచి, అర నిమిషం ముట్టుకోకండి. కలపాలని చేయి పీకుతుంది, ఆగండి. అడుగు ఎర్రబడ్డాక తిరగేసి, ఉండలు విడగొడుతూ ఒకటిన్నర రెండు నిమిషాలు వేయించండి. ఎక్కడా పచ్చి గులాబీ రంగు ఉండకూడదు. కలిపి పెట్టిన సాసులో సగం మూకుడు అంచుల వెంట పోయండి. కాలిన ఇనుము మీద పడి చుయ్యిమని, అక్కడే కాస్త మాడి, కొత్త వాసన పుడుతుంది. మధ్యలో మాంసం మీద పోస్తే ఆ వాసన రాదు. నాలుగు సార్లు తిప్పి, పొయ్యి కట్టేయండి. కట్టేసిన తర్వాతే ఒక గుప్పెడు ఆకు వేసి, రెండుసార్లు పైకీ కిందికీ తిప్పండి. ఆకు వాడుతుంది, ముదురు పచ్చ రంగుకు తిరుగుతుంది, ఇల్లంతా తులసి వాసన కమ్ముకుంటుంది. మంట మీద ఉండగా వేస్తే ఆ వాసనంతా పొగతో పాటే పోతుంది.

పొగ అన్నాను కాబట్టి ముందే హెచ్చరిస్తున్నాను. మిరప ముద్ద నూనెలో పడిన క్షణాన అందరికీ ఘాటుకు దగ్గు వస్తుంది. కిటికీ తెరిచి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, ఆయాసం ఉన్న పెద్దవాళ్లను ముందు గదిలో కూర్చోబెట్టండి. 2007లో లండన్‌లోని సోహోలో ఒక థాయ్ హోటల్లో మిరపకాయలు వేయించి కారం ముద్ద చేస్తుంటే, వీధిలో జనం దగ్గి దగ్గి ఏదో రసాయన దాడి జరిగిందని భయపడ్డారు. రోడ్లు మూసేశారు, అగ్నిమాపక దళం ముసుగులు తొడుక్కుని తలుపు బద్దలుకొట్టి లోపలికి వెళ్లింది. అక్కడ దొరికింది మూకుడు నిండా మిరపకాయలే.

అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో ఉన్న మన పిల్లలు ఈ ప్రసంగం వింటుంటే వాళ్లకు ఒక మాట. మీ అద్దం పొయ్యి మీద గుండ్రటి మూకుడు నిలవదు. అడుగు చదునుగా ఉన్న బరువైన ఇనుప పెనం తీసుకోండి, నాలుగైదు నిమిషాలు కాలనివ్వండి. ఆసియా సరుకుల కొట్లో థాయ్ బేసిల్ అని రాసి ఉన్నది దాదాపు ఎప్పుడూ సోంపు వాసన రకమే. తులసి కావాలంటే హోలీ బేసిల్ అని అడగాలి.

రెండో దఫా కూడా ఇలాగే. మధ్యలో మూకుడు కడగనక్కర్లేదు, గుడ్డతో తుడిస్తే చాలు. కూర దించాక అదే మూకుట్లో కాస్త ఎక్కువ నూనె పోసి, బాగా కాగాక, గుడ్లు ఒక్కొక్కటిగా కొట్టి వేయండి. తెల్లసొన బుడగలు పొంగి అంచులు కరకరలాడేలా ఎర్రబడాలి, పచ్చసొన మాత్రం జారుగా ఉండాలి. గరిటెతో వేడి నూనె పైన పోస్తే మూత పెట్టే పని ఉండదు. వేడన్నం, పక్కన కూర, అన్నం మీద గుడ్డు. ఆ పచ్చసొన పగిలి అన్నంలోకి దిగి కారాన్ని తగ్గిస్తుంది. పిల్లలకు మిరపకాయలు రెండే వేసి మొదటి దఫా వాళ్లకు తీసేసి, రెండో దఫాకు మిగతావన్నీ దంచి వేసుకోండి. రెండు దఫాలుగా వండటంలో ఈ సౌకర్యమూ ఉంది.

బియ్యం థాయ్‌లాండ్‌లో అయితే మల్లె బియ్యం. 1959లో విడుదలైన ఖావ్ దాక్ మలి 105 అనే రకం అందులో పేరుపొందింది. దానికోసం వెతకనక్కర్లేదు. 1986లో బాపట్ల పరిశోధన కేంద్రం ఇచ్చిన సాంబ మసూరి, అదే మన బీపీటీ, సన్నగా తేలిగ్గా ఉండి ఈ కూరను చక్కగా మోస్తుంది. నీళ్లు రోజూ కంటే ఒక్క పిసరు తగ్గించండి, మెతుకు విడివిడిగా వస్తుంది. థాయ్‌లాండ్ వాళ్లు ఫోర్కుతో చెంచాలోకి తోసుకుని చెంచాతో తింటారు. మనం చేత్తోనే కలుపుకుందాం.

శాకాహారుల ఇంట్లో తోఫుతో చేసుకోవచ్చు. బట్టలో చుట్టి, పైన బరువు పెట్టి, నీరంతా పోయాక చేత్తో చిదిపి వేయించాలి. పుట్టగొడుగులైతే ముందు విడిగా వేయించి నీరు ఇగరబెట్టాలి. చేపల సాసు బదులు సోయాసాసు పెంచండి. ఆయిస్టర్ సాసు ఆల్చిప్పల నుంచి చేసేది, దాని స్థానంలో పుట్టగొడుగుల సాసు దొరుకుతుంది. థాయ్‌లాండ్‌లో ఏటా తొమ్మిది రోజులు శాకాహార పండగ జరుగుతుంది, ఫుకెట్‌లో మరీ ఘనంగా. అంగళ్ల మీద పసుపుపచ్చ జెండాలు కడతారు. ఆ రోజుల్లో వెల్లుల్లి, ఉల్లి కూడా ముట్టరు. మన కార్తీకమాసం నియమం పాటించేవాళ్లు ఆ పద్ధతిలోనే, మిరప, అల్లం దంచి చేసుకోవచ్చు. పనీరు మాత్రం దీనికి పనికిరాదనే నా అభిప్రాయం. ఆ పాల కమ్మదనం చేపల సాసుతోనూ కలవదు, సోయాతోనూ కలవదు.

చాలా హోటళ్లలో ఇందులో బీన్స్, ఉల్లిపాయ, బేబీకార్న్ వేసి ఎక్కువ చేసి చూపిస్తారు. థాయ్‌లాండ్‌లో దీనిమీద పెద్ద వాదనలే నడుస్తాయి. నా మటుకు బొబ్బర్ల కాయలు సన్నగా తరిగి ఓ గుప్పెడు వేసుకుంటే తప్పులేదు, పిల్లల కడుపులోకి కాస్త కూర పోతుంది. అంతకుమించితే నీరూరి మొదటికే మోసం.

ఆకుకూర విడిగా కావాలనుకునేవాళ్లకు థాయ్ వాళ్లదే ఇంకో వేపుడుంది, ఒక్క నిమిషం పని. మన చెరువు గట్ల మీద దొరికే తూటికూర వాళ్లకూ ఇష్టం. ఉప్పునీళ్లలో నానబెట్టి రెండు మూడు నీళ్లు మార్చి కడిగి, వేలెడంత ముక్కలు చేసి, చితక్కొట్టిన వెల్లుల్లి, మిరప, సాసులు అన్నీ ఆ ఆకు మీదే పోసి ఉంచుకుంటారు. మూకుట్లో నూనె భగ్గున కాగినప్పుడు ఆ మొత్తం ఒక్కసారే బోర్లిస్తారు. రెండు తిప్పులు, దించేయడం. కాడ కరకరలాడుతూ ఉండగానే తినాలి. ఫిట్సనులోక్ అనే ఊళ్లో వంటవాడు ఈ తూటికూరను మూకుడులోంచి గాల్లోకి విసిరితే, వీధికి అవతల నిలబడ్డ మనిషి పళ్లెంతో పట్టుకుంటాడు. అది చూడటానికే జనం వెళతారు. మన వంటింట్లో గరిటెతో తీసుకుంటే చాలు.

భోజనాలయ్యాక ఆ ఇనుప మూకుడును సింకులో నానబెట్టి పొద్దున్న చూసుకుందామని వదిలేయకండి, తెల్లారేసరికి తుప్పు పడుతుంది. ఇంకా గోరువెచ్చగా ఉండగానే వేడినీళ్లు పోసి, కొబ్బరి పీచుతో రుద్ది, పొయ్యి మీద తడి ఆరేదాకా కాచి, ఒక చుక్క నూనె గుడ్డతో పలచగా పూసి పెట్టండి. వాడేకొద్దీ నల్లగా నునుపెక్కుతుంది, మళ్లీ వారం కూర అడుగంటదు.